తెలుగునాటి గనులలో వజ్రపు వెల

నిశ్చితార్థపు టుంగరమునకై వజ్రము కొనదలచినవాడు నేడు మొదట నడుగు ప్రశ్న అది యెన్ని క్యారట్లదనియే. వెలను నిర్ణయించుటకు ఈ ప్రశ్న యొక్కటియే చాలదని మూడున్నర శతాబ్దముల క్రిందటనే తెలుగునాటి గనులయొద్ద వర్తకు లెఱిగియుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలు దేశపు గనులు బయల్పడువరకు లోకమునకు వజ్రముల నొసంగినది ముఖ్యముగా భారతభూమియే. కావున న్యాయమైన వెల యను భావ మిచ్చట నెట్లు రూపొందెనో పరిశీలించుట యుచితమని తలంచుచున్నాము.

ఈ శాస్త్రము మనకు క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ప్రత్యేకముగా నొక యధ్యాయమును రచించెను. ఎనిమిది తెల్ల యావగింజల యెత్తు ఒక తండులమనియు, ఇరువది తండులముల మేలి వజ్రమునకు వెల రెండు లక్షలనియు చెప్పి, బరువు తగ్గినదానికంటె వెల యెక్కువగా తగ్గునట్లు లెక్క కట్టెను. బరువునకును వెలకును గల సంబంధము సమానుపాతము కాదని దీనివలన స్పష్టము.

ఆచరణమున నిది యెట్లుండెనో తెలియుటకు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ (1605–1689) రచించి 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథము ముఖ్యాధారము. అతడు కృష్ణయొడ్డున గల కొల్లూరు గనిని, రావులకొండ గనిని స్వయముగా జూచెను. రావులకొండను కర్నూలు ప్రాంతమందలి రామళ్ళకోటగా చరిత్రకారులు గుర్తించిరి. అచ్చట కొనుగోళ్ళపై రాజునకు నూటికి రెండు చొప్పున సుంకము చెల్లెడిది. బేరగాండ్రిరువు రెదురెదురుగా కూర్చుండి, గుడ్డ మాటున చేతులు కలిపి, మాటలేకుండ వెల తెల్పుకొనెడివారు. చేయి మొత్తము పట్టిన వేయి. ఒక్క వ్రేలు పట్టిన నూఱు. నడిమి కణుపువఱకు పట్టిన నేబది. కొన పట్టిన పది. ప్రక్కనున్నవానికి సైతము వెల తెలియదు. కావున పదిమంది యిచ్చిన వెలను జూచి తాను కొందమన్న వీలు లేదు. కొనువానికి తన యెఱుకయే దిక్కు.

ఆ యెఱుక బాల్యముననే యలవడెడిది. పది మొదలు పదునాఱేండ్లలోపు వర్తకుల బిడ్డలు ఊరినడుమ చెట్టుక్రింద తూనికరాళ్ళతోను వరహాల సంచులతోను కూర్చుండెడివారు. వచ్చిన రాయి పెద్దవాని చేతినుండి యందఱి చేతులకు మాఱి, మరల నతనికే చేరెడిది. అతడు హెచ్చు వెల కిచ్చి కొన్నచో నష్ట మతనిదే. సాయంకాలమున రాళ్ళను నీరు, బరువు, నిర్మలత్వములనుబట్టి వేఱుచేసి, పెద్ద వర్తకుల కమ్మి, లాభమును పంచుకొనెడివారు.

పరీక్షావిధానము గూడ గమనింపదగినది. గోడలో గూడు చేసి, అందు పెద్ద వత్తి దీపముంచి, రాత్రివేళ వ్రేళ్ళనడుమ రాతిని పట్టి దాని నీటిని చూచెడివారు. నిర్మలమైన రాతిని సానపై కొంచెముగా మాత్రమే త్రిప్పెడివారు. దోషమున్న రాతికి ముఖములు పెక్కు తీర్చి ఆ దోషమును కప్పిపుచ్చెడివారు. మితిమీఱిన పనితన మొక్కొక్కచో కొనువానికి హెచ్చరికయే.

మూడు క్యారట్లు మొదలుకొని పైబరువుల రాళ్ళకు టావెర్నియర్ తెల్పిన సూత్ర మిది: బరువును బరువుచే గుణించి, వచ్చిన మొత్తమును ఒక క్యారటు వెలచే గుణింపవలెను. పండ్రెండు క్యారట్ల మేలి రాతికి 144ను 150 లీవ్రులచే గుణింప 21,600 లీవ్రులు వెల యగును. లోపముగల పదునైదు క్యారట్ల రాతికి 225ను 80చే గుణింప 18,000 మాత్రమే. మూడు క్యారట్లు హెచ్చైనను వెల 3,600 లీవ్రులు తగ్గినది.

వర్గముచే వెల పెరుగునపుడు తూనికలోని భేదము మిక్కిలి ప్రమాదకరము. ఈ గనులలో మంజాడి యొకటింముప్పాతిక క్యారటు. గోలకొండ, విజాపుర రాజ్యములం దితరత్ర ఒకటియు మూడెనిమిదవ వంతులునని టావెర్నియరే వ్రాసెను. ఎనిమిది మంజాడుల రాయి గనియొద్ద 14 క్యారట్లు, వెలుపల 11 క్యారట్లు. వాని వర్గములు 196, 121. పేరొకటే గదా యని గని లెక్కచొప్పున వెలుపల కొన్నవాడు నూటికి అఱువదికి పైగా నధికముగా నిచ్చినట్లగును.

1907లో మెట్రిక్ క్యారటు 200 మిల్లీగ్రాములుగా నిర్ణయింపబడుటతో ఈ చిక్కు తీఱినది. నేడు ప్రయోగశాలలు రంగును, నిర్మలత్వమును, సానపనిని గూడ పత్రముపై వ్రాసి యిచ్చుచున్నవి. అయినను ఆ పత్రమును చదివి, రెండు రాళ్ళను సరిపోల్చి చూచు బాధ్యత కొనువానిదే. చెట్టుక్రింది బాలురు రాతిని చేతులు మార్చుకొని చూచినది ఇందుకొఱకే. న్యాయమైన వెల రాతియందు మాత్రమే లేదు. దానిని చూడనేర్చిన కంటియందును గలదని మా యభిప్రాయము.