కె.సి. కాలువ: ఖాజీపేట ఆయకట్టు

కర్నూలు-కడప కాలువకు జనం వాడుకలో కె.సి. అని పేరు. సుంకేసుల దగ్గర తుంగభద్రపై మొదలై సుమారు 306 కిలోమీటర్లు సాగి కడప దగ్గర ముగుస్తుంది. కడప-మైదుకూరు దారిలోని ఖాజీపేట మండలం దీని దిగువ ఆయకట్టులోనిది.

సాగునీటికీ పడవల రవాణాకూ మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో తవ్వకం మొదలుపెట్టింది. పూర్తయిన ఏడాదిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. 1870-71 ప్రాంతం అనుకోవచ్చు. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ నష్టానికి కారణం రైతులు కొత్త సేద్యానికి ముందుకు రాకపోవడమేనన్నది ఒక వాదన. నల్లరేగడిలో మెట్టపైరుకు వానల తేమే చాలినప్పుడు నీటికి రుసుము కట్టమంటే ఎవరు కడతారన్నది రెండోది. రెండోదే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది.

కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టీఎంసీలు కేటాయించింది. తలదగ్గర సుంకేసులలో నిల్వ ఉండేది మాత్రం 1.2 టీఎంసీలే. వరద రోజుల్లో నీళ్లు కిందికి పోతాయి, పైరు పొట్టకొచ్చే వేళకు కాలువ సన్నగిల్లుతుంది. ఈ కొరత తీర్చేందుకు జమ్మలమడుగు వైపు, పెద్దముడియం మండలంలో కుందూ నదిపై ఉన్న రాజోలి ఆనకట్ట వద్ద 2.95 టీఎంసీల జలాశయానికి 2019 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది.

ప్రభుత్వం చేసిన మార్పుల్లో లోతైనది 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం. ఆయకట్టులో భూమి ఉన్న ప్రతి రైతుకూ నీటి సంఘంలో ఓటు దక్కింది. పూడికతీత, నీటి వంతుల విషయంలో సంఘానికి మాట చెల్లింది. దీని విలువ తూము దగ్గరే తెలుస్తుంది: ఎగువన ఒకరు షట్టరు జానెడు ఎక్కువ ఎత్తితే, చివరి ఆయకట్టులో వరిమడి నెర్రెలిస్తుంది. లష్కరు ఒక్కడు రాత్రంతా కాపలా కాసినా ఆగని ఆ తగువును వంతు ఒప్పుకున్న రైతులే ఆపగలరు. అయితే సంఘాల పదవీకాలం ముగిశాక ఎన్నికలు సకాలంలో జరగకపోవడం ఈ ఏర్పాటును దెబ్బతీసింది.

కె.సి. కాలువ అందని పులివెందుల వైపు దారి వేరు. 2003 నవంబరులో మొదలైన సూక్ష్మ సేద్య పథకం కింద చీనీ, అరటి తోటల్లోకి డ్రిప్పు పైపులు వచ్చాయి. బోరునీరు మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా పడుతుంది. ఆదా అయిన నీటితో తోట విస్తీర్ణం పెంచితే భూగర్భజలానికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే పైపులకు రాయితీ ఇస్తే సరిపోదు, బోర్ల లెక్కా చూడాలి.

ఇక కాలువ ఆయకట్టు సంగతికి వస్తే, నీటి సంఘాలకు రాష్ట్రంలో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి.