కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్ష

ఐటీ సపోర్టు, కంప్యూటర్ మరమ్మతు ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవారి కోసం అమెరికాకు చెందిన కాంప్‌టియా నిర్వహించే సర్టిఫికేషన్ పరీక్ష ఏ ప్లస్. 1993లో మొదలైంది. కాంప్‌టియా 1982లో కంప్యూటర్ డీలర్ల సంఘంగా పుట్టి, 1990లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అమ్మకందార్ల ఇంట పుట్టినందుకేనేమో, కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడాలన్నది కూడా ఏ ప్లస్‌లో ఒక పాఠ్యాంశం.

ఏ ప్లస్ పేరు ఒకటే, రాయాల్సిన పరీక్షలు రెండు: కోర్ 1, కోర్ 2. 2025 మార్చిలో వచ్చిన సిరీస్‌లో వీటి కోడ్‌లు 220-1201, 220-1202. ఒక్కోదానికి 90 నిమిషాల సమయం. ప్రశ్నలు 90కి మించవు. స్కోరు 100 నుంచి 900 దాకా ఉంటుంది. కోర్ 1కి 675, కోర్ 2కి 700 వస్తే పాస్. ఇది స్కేలు మీద వేసే స్కోరు కాబట్టి 675ను 75 శాతంగా లెక్కగట్టకూడదు. రెండు పేపర్లూ ఒకే సిరీస్‌వి అయి ఉండాలి. పాతదాంట్లో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి పాసైతే చెల్లదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు గనక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనక్కర్లేదు.

కోర్ 1లో హార్డ్‌వేర్ 25 శాతం, నెట్‌వర్కింగ్ 23 శాతం. వాటిలో వచ్చే లోపాలను కనిపెట్టడానికి అన్నిటికన్నా ఎక్కువగా 28 శాతం. మొబైల్ పరికరాలు, క్లౌడ్ మిగతా భాగం. కోర్ 2లో ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ సెక్యూరిటీకీ చెరో 28 శాతం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట పదేళ్లు సిస్టమ్‌లు విప్పి బిగించిన చెయ్యి కూడా ఈ పరీక్షలో తడబడవచ్చు. షాపులో కావాల్సింది సిస్టమ్ ఆన్ కావడం. ర్యామ్ మార్చి చూస్తారు, కాకపోతే ఎస్‌ఎంపీఎస్ మారుస్తారు. పరీక్ష అడిగేది వరస: ముందేం చేస్తారు, తర్వాతేం చేస్తారు? దీనికి సిలబస్‌లోనే ఆరు మెట్లున్నాయి. సమస్య ఏమిటో తెలుసుకోవాలి, కారణం ఊహించాలి, ఆ ఊహను పరీక్షించాలి, ఏం చేయాలో నిర్ణయించుకుని చేయాలి, అంతా పనిచేస్తోందని సరిచూడాలి, చివరికి రాసిపెట్టాలి. ఆఖరి మెట్టు మన షాపుల్లో దాదాపు కనిపించదు. పరీక్షలో మాత్రం అది లేకుండా పని పూర్తయినట్టు కాదు.

వైరస్ తొలగింపులోనూ ఇదే పట్టింపు. లక్షణాలు నిర్ధారించుకోగానే సిస్టమ్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయాలి, ఆపైన విండోస్‌ను పాత స్థితికి తెచ్చే సిస్టమ్ రీస్టోర్‌ను ఆపాలి, శుభ్రం చేయడం ఆ తర్వాతే. రీస్టోర్ పాయింట్లలో వైరస్ దాక్కుంటే తుడిచింది మళ్లీ తిరిగొస్తుంది. చిట్టచివరి పని, ఆ సిస్టమ్ వాడే మనిషికి జాగ్రత్తలు చెప్పడం.

ప్రింటర్ల భాగాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు. లేజర్ ప్రింటర్ పనిచేసే ఏడు దశలు తెలిస్తే లక్షణాన్ని బట్టే భాగం చెప్పొచ్చు. అచ్చయిన కాగితం మీద వేలితో రుద్దితే నల్లపొడి అంటుకుంటోందా? టోనర్‌ను వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్‌ను చూడాలి. నెట్‌వర్కింగ్‌లోనూ అంతే: ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని అర్థం. ఇలా కారణంతో పట్టుకున్నది నిలుస్తుంది. 22, 53, 443, 3389 లాంటి పోర్టు నంబర్లకు మాత్రం ఎక్కాల్లా బట్టీయే దారి.

ఆప్షన్లలోంచి ఎంచుకునే ప్రశ్నలతోపాటు తెరమీదే పని చేసి చూపించాల్సినవీ ఉంటాయి: వైఫై రౌటర్‌ను అమర్చడం, కేబుళ్లను సరైన చోట పెట్టడం. ఇవి సాధారణంగా మొదట్లోనే ఎదురై సమయం తినేస్తాయి. వాటిని గుర్తుపెట్టి పక్కనపెట్టి, తేలికైనవి ముగించాక రావడం మేలు.

ప్రశ్నపత్రం తెలుగులో లేదు. తెలుగు మీడియంలో చదివినవారిని ఇబ్బంది పెట్టేది సాంకేతిక పదాలకన్నా ‘ఫస్ట్’, ‘బెస్ట్’, ‘మోస్ట్ లైక్లీ’ అనే చిన్న మాటలే. నాలుగు ఆప్షన్లూ సరైనవే కావచ్చు; మొదట చేయాల్సింది ఒకటే ఉంటుంది.

చదవడానికి కాంప్‌టియా ఉచితంగా ఇచ్చే సిలబస్ పత్రమే మొదటి పుస్తకం. ప్రొఫెసర్ మెస్సర్ వీడియోలు కూడా ఉచితమే. ఒక పాత సిస్టమ్, అందులో ఒక వర్చువల్ మెషిన్ ఉంటే సాధన ఇంట్లోనే సాగుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వినిపించే ‘డంపులు’, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలు, కాంప్‌టియా నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు కావచ్చు.

పరీక్షను పియర్సన్ వ్యూ కేంద్రాల్లోగానీ, ఇంటినుంచి కెమెరా నిఘాలోగానీ రాయొచ్చు. ఒకసారి తప్పితే వెంటనే మళ్లీ రాసుకోవచ్చు, మూడోసారికి మాత్రం 14 రోజులు ఆగాలి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. ఈలోగా 20 నిరంతర విద్యా యూనిట్లు సంపాదిస్తే పొడిగిస్తారు. 2011 జనవరి 1కి ముందు పాసైనవారికి ఈ బెడద లేదు. వారి సర్టిఫికెట్, ఫ్లాపీ డ్రైవ్‌ల గురించి చదివి తెచ్చుకున్నదైనా సరే, జీవితాంతం చెల్లుతుంది.