మొబైల్ యాప్ మెమరీలో మిగిలిపోయే రహస్య సమాచారం

ఫోన్‌లో కొట్టిన పాస్‌వర్డు, ఓటీపీ, ఖాతా నంబరు పని పూర్తయ్యాక కూడా ర్యామ్‌లో చెరగకుండా ఉండిపోవడం మొబైల్ భద్రతలో పాత లోపం. అవసరం తీరిన చోటును యాప్ వదిలేస్తుంది. అక్కడ రాసి ఉన్నది మాత్రం, మరో సమాచారం వచ్చి దాని మీద పడేదాకా అలాగే ఉంటుంది. పలక మీద లెక్క చేసి తుడవకుండా లేచిపోయినట్టే.

ఈ సంగతి మొదట కంప్యూటర్లలో బయటపడింది. 2004లో స్టాన్‌ఫర్డ్‌లో జిమ్ చౌ, బెన్ ఫాఫ్, టాల్ గార్ఫింకెల్, మెండెల్ రోజెన్‌బ్లమ్ తదితరులు ఒక పాస్‌వర్డు మెమరీలో ఎక్కడెక్కడ తిరుగుతుందో వెంబడించి చూశారు. మొజిల్లా, అపాచీ వంటి పేరున్న ప్రోగ్రాముల్లో సైతం దాని నకళ్లు చాలాచోట్ల మిగిలాయి. 2005లో వాళ్లే, వదిలేసే ప్రతి చోటునూ సున్నాలతో నింపే పద్ధతిని ప్రతిపాదించారు. 2008లో ప్రిన్స్‌టన్‌లో అలెక్స్ హాల్డర్‌మన్ బృందం ఇంకా కలవరపరిచే విషయం చూపించింది. కరెంటు తీసేసినా ర్యామ్ వెంటనే ఖాళీ కాదు. చిప్పును బాగా చల్లబరిస్తే అందులోని ఎన్‌క్రిప్షన్ తాళపు చెవులు నిమిషాల తరబడి నిలుస్తాయి.

అదే ప్రయోగాన్ని జర్మనీలోని ఎర్లాంగెన్‌లో టిలో ముల్లర్, మిఖాయెల్ ష్ప్రైట్సెన్‌బార్త్ ఫోన్ మీద చేశారు. గెలాక్సీ నెక్సస్ ఫోన్‌ను ఫ్రీజర్‌లో పెట్టి, బ్యాటరీని క్షణంలో తీసి పెట్టి, మెమరీని చదివారు. ఎన్‌క్రిప్షన్ తాళం చెవి, ఫొటోలు, పరిచయాల జాబితా దొరికాయి. 2013లో వెలువడిన ఈ పని పేరు ఫ్రాస్ట్. మరుసటి ఏడు హార్ట్‌బ్లీడ్ వచ్చింది. ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఆ లోపం వల్ల, ఫోన్‌ను ముట్టుకోకుండానే, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా మెమరీ బయటికి వచ్చేది. సర్వర్లతో పాటు ఆండ్రాయిడ్ 4.1.1 ఫోన్లు కూడా దీనికి గురయ్యాయి.

తుడవడం అనుకున్నంత సులువు కాదు. జావాలో స్ట్రింగ్‌ను ఒకసారి సృష్టించాక మార్చలేం. వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడు వస్తుందో ప్రోగ్రామరు చేతిలో లేదు. అందుకే పాస్‌వర్డును అక్షరాల శ్రేణిలో ఉంచి, వాడాక సున్నాలు రాయమంటారు. సీ భాషలోనైతే, తర్వాత ఎవరూ చదవని చోట సున్నాలు రాయడం వృథా అనుకుని కంపైలరే ఆ వరుసను తీసేయగలదు. ఆండ్రాయిడ్ ఒక యాప్ మెమరీని మరో యాప్ చదవకుండా ఆపుతుంది గానీ, రూట్ చేసిన ఫోన్‌లో ఆ గోడ నిలవదు. ఫ్రిడా వంటి పనిముట్టుతో పరీక్షకులు నడుస్తున్న యాప్ మెమరీని తోడి చూస్తారు; దొంగకూ అదే దారి.

తెలుగునాట మొబైల్ చెల్లింపుల రంగానికి కేంద్రం హైదరాబాదు. రిజర్వు బ్యాంకు 1996లో అక్కడ నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతికత పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, మద్రాసు ఐఐటీతో కలిసి 2006లో మొబైల్ చెల్లింపుల వేదికను ఏర్పరచింది. 2016లో వచ్చిన యూపీఐలో పిన్ను కొట్టే పేజీ జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐదే. చెల్లింపు యాప్‌కు ఆ పిన్ను కనిపించదు. ఇది మంచి నిర్మాణం. 2021 ఫిబ్రవరి 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ చెల్లింపుల భద్రతా ఆదేశం ఇంకో అడుగు వేసి, ఖాతాదారు యాప్ నుంచి బయటికి వచ్చేటప్పుడు అతని రహస్య సమాచారాన్ని మెమరీలోంచి తుడిచేయాలని స్పష్టంగా చెప్పింది.

ఇది పల్లెకూ సంబంధించిన సంగతే. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు అమ్మిన రైతుకు సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. సొమ్ము పడిందో లేదో చూసుకోవడం, కూలి డబ్బులు పంపడం ఫోన్‌లోనే. ఓటీపీ అడిగే ఫోన్ కాల్సు, వాట్సాప్‌లో వచ్చే నకిలీ ఏపీకే ఫైళ్ల ద్వారా పల్లెల్లోనూ మోసాలు జరుగుతాయి. వాటి విషయంలో రైతు జాగ్రత్తపడగలడు. మెమరీలో మిగిలినదాన్ని అతను చూడలేడు, తుడవలేడు. కాబట్టి ఈ బాధ్యత పూర్తిగా యాప్ రాసినవాళ్లదే. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లు వాడేవాళ్ల విషయంలో అది మరీ బరువైన బాధ్యత.

2013లో ఐఫోన్ 5ఎస్‌తో వచ్చిన సెక్యూర్ ఎన్‌క్లేవ్, ఆండ్రాయిడ్ కీస్టోర్ తాళపు చెవులను యాప్ మెమరీకి దూరంగా ఉంచుతున్నాయి. 2023లో పిక్సెల్ 8లో మెమరీ ట్యాగింగ్ వచ్చింది. అది హద్దుదాటి చదివే ప్రయత్నాలను పట్టుకుంటుంది, మిగిలినదాన్ని తుడవదు. తెర మీద చూపే పేరు, బ్యాలెన్సు, ఖాతా నంబరు యాప్ మెమరీలోకి రాక తప్పదు. వాటిని చెరిపే పని ఇప్పటికీ యాప్‌దే.