ఏ లినక్స్‌కు పూచీ పడాలి?

1993 జూలైలో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్‌ను విడుదల చేశాడు. ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించాడు. మరుసటి ఏడాది రెడ్ హ్యాట్ వచ్చింది. మూడింటికీ కెర్నల్ ఒక్కటే. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఏ ఫోల్డర్, ప్యాకేజీ ఏ రూపంలో అన్న నిర్ణయాలు మాత్రం ఎవరివి వారివి. డెబియన్ వైపు డెబ్, రెడ్ హ్యాట్ వైపు ఆర్పీఎం స్థిరపడ్డాయి. ఇంటి మీడియా సర్వర్ రాసేవాడు ఈనాటికీ తేల్చుకోవలసిన ప్రశ్న అక్కడే పుట్టింది: ఇన్ని డిస్ట్రోలలో, అంటే లినక్స్ పంపిణీలలో, దేనికి నేను పూచీ?

ఆ డిస్ట్రోలు మన ఊళ్లకు ఎలా చేరాయో ముందు చూద్దాం. నెహ్రూ 1959లో శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్న ఊరు హనుమకొండ. 2002లో అది ఎన్ఐటీ అయింది. ఇంజనీర్లకు కొదవలేని ఇలాంటి ఊళ్లలో కూడా 1990ల చివరి దాకా ఇంటర్నెట్ అంటే ఫోన్ లైన్ మీద ఈసురోమంటూ నడిచేదే. ఆ వేగంతో ఒక పూర్తి డిస్ట్రోను దించుకోవడం అయ్యే పని కాదు. అందుకే మన దేశంలో లినక్స్ ఎక్కువగా సీడీల మీద ప్రయాణించింది. 1996లో పీసీ క్వెస్ట్ పత్రిక పాఠకులకు లినక్స్ సీడీ ఇచ్చింది. 2004లో పుట్టిన ఉబుంటు ఇంకో అడుగు ముందుకు వేసి, అడిగినవారికి పైసా తీసుకోకుండా సీడీలను పోస్టులో పంపింది. 2011లో ఆ పథకం ఆగే నాటికి ఒక తరం విద్యార్థులకు లినక్స్ అంటే ఉబుంటు అన్నంతగా పేరు పాతుకుపోయింది. ఈనాటి ఇన్‌స్టలేషన్ సూచనలు చాలావరకు ఉబుంటుతోనే మొదలవడానికి సాంకేతిక కారణాలతో పాటు ఆ తపాలా బిళ్లల పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం.

ఇంటి వినోదానికి లినక్స్‌ను వాడుకోవడం 2002లో వచ్చిన మిత్‌టీవీతో ఊపందుకుంది. ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె కోసం పుట్టిన ఎక్స్‌బీఎంసీ తర్వాత లినక్స్‌కూ వచ్చి, 2014లో కోడి అని పేరు మార్చుకుంది. దాన్నుంచే 2008లో ప్లెక్స్ చీలింది. టీవీ పక్కన కూర్చుని ఫైలును చూపించే పెట్టెకూ, మూలగదిలో ఉండి ఇంట్లోని ప్రతి తెరకూ వీడియో అందించే సర్వర్‌కూ పనిలో తేడా ఉంది. ఫోనుకు నప్పని వీడియోను సర్వర్ అప్పటికప్పుడు మరో రూపంలోకి మార్చి పంపాలి. ఆ పనికి ఆధారం ఎఫ్ఎఫ్ఎంపెగ్.

2011లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ రచయితల మధ్య గొడవ వచ్చి కొందరు లిబావ్ పేరుతో వేరుపడ్డారు. డెబియన్, ఉబుంటు లిబావ్ పక్షం వహించాయి. 2015లో మళ్లీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ గూటికి చేరాయి. ఆ మధ్యకాలంలో సర్వర్ రాసేవాడు ఒకే ఆదేశం ఇచ్చినా, ఏ డిస్ట్రోలో ఏ ప్రోగ్రాం పలుకుతుందో చెప్పలేని పరిస్థితి. డిస్ట్రోల మద్దతు చరిత్రలో నేను అన్నిటికంటే ముఖ్యమని భావించే ఘట్టం ఇదే. డిస్ట్రోలోని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నమ్ముకుంటే మునుగుతామని మీడియా సర్వర్ల వాళ్లకు అది నేర్పింది. 2018 డిసెంబరులో ఎంబీ అనే మీడియా సర్వర్ తన సోర్సును మూసివేయగా, దాన్నుంచి చీలిన జెల్లీఫిన్ సొంత ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్యాకేజీని వెంట తెచ్చుకుంటుంది. జెల్లీఫిన్‌ను నడిపేది జీతాలిచ్చే కంపెనీ కాదు, తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లకు ఒక్కో డిస్ట్రో అదనంగా చేరితే ప్రతి విడుదలకూ కట్టి చూడవలసిన ప్యాకేజీలు, వచ్చిపడే ఫిర్యాదులు పెరుగుతాయి. వాళ్లు డెబియన్, ఉబుంటులకు సొంతంగా ప్యాకేజీలు ఇస్తూ, రెడ్ హ్యాట్ వైపు డిస్ట్రో అయిన ఫెడోరా వాడేవారిని ఆర్పీఎం ఫ్యూజన్ వైపు పంపుతున్నారు.

ఫెడోరా పక్కకు పోవడంలో చట్టం కూడా ఉంది. పేటెంట్ల భయంతో అది కొన్ని వీడియో కోడెక్‌లను తన భాండాగారంలో ఉంచదు. ఆ ఖాళీని పూరించేది ఆర్పీఎం ఫ్యూజన్. మన దేశంలో 2004 చివర్లో వచ్చిన ఒక ఆర్డినెన్సు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు కొంత తలుపు తీయబోతే, 2005లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. కాబట్టి కోడెక్‌ల భయం ఫెడోరా వెనకున్న అమెరికా కంపెనీ రెడ్ హ్యాట్‌ది. డిస్క్‌లో లేని కోడెక్ మాత్రం హనుమకొండలోని నక్కలగుట్టలో దించుకున్నవారికీ లేనట్టే. ఇక రెడ్ హ్యాట్ వైపుదే మరో డిస్ట్రో అయిన సెంటాస్ సంగతి. 2029 దాకా ఉంటుందని నమ్మించిన సెంటాస్ 8ను 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. దాని మీద ప్యాకేజీలు కట్టుకున్నవారి శ్రమ వృథా అయింది.

తెలుగు ఇంటికి వస్తే, డిస్ట్రోల పట్టికల్లో కనిపించని పరీక్ష ఒకటుంది. మలయాళ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్ పెట్టుకున్నామనుకోండి. సాధారణంగా అక్షరాలను టీవీయో ఫోనో గీస్తుంది. ఆ పరికరానికి చేతకాకపోతే సర్వరే అక్షరాలను వీడియో మీద అచ్చువేసి పంపాలి. అప్పుడు ఫాంటు సర్వర్‌లో ఉండాలి. తెర అవసరం లేదని పొదుపుగా వేసుకున్న సర్వర్‌లో తెలుగు ఫాంటు ఉండకపోతే తెరనిండా ఖాళీ డబ్బాలే. ఫాంటు ఒక్కటే చాలదు. "లక్ష్మి", "స్త్రీ" వంటి మాటల్లో వత్తులను సరైన చోట కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తోడుండాలి. సబ్‌టైటిళ్లను గీసే లిబాస్‌కు 2011లో ఆ కూర్పు అబ్బింది.

డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ ఉంది. అందులోవి తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000.  ఫెడోరాలోనూ ఆ ఫాంట్లు దొరుకుతాయి గనుక ఈ ఒక్క కారణంతో డెబియన్‌కు పట్టం కట్టలేం. సర్వర్‌ను కంటెయినర్‌లో వేసుకుంటే మాత్రం బయటి యంత్రంలోని ఫాంట్లను అది దానంతట అది చూడదు. ఆ ఫాంట్ల ఫోల్డర్‌ను లోపలికి చూపించే పని మనదే. సీ-డ్యాక్ మన భాషల కోసం తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీదే కట్టినదని గమనించాలి.

పాత యంత్రాల ఆశ కొందరికుంటుంది. 32 బిట్ల డెస్క్‌టాప్‌ను సర్వర్‌గా మార్చాలనుకునేవారికి 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇన్‌స్టాలర్ కూడా ఇవ్వలేదు. ఆ ఆశ వదులుకోవడమే మంచిది.

ఇంత చరిత్ర చూశాక నా తీర్పు ఇది. సొంతంగా పూచీ పడవలసినవి డెబియన్‌లో ఇప్పటి స్థిర వెర్షన్, దానికి ముందరిది, ఉబుంటులో చివరి రెండు దీర్ఘకాలిక వెర్షన్లు. ఫెడోరాను ఆర్పీఎం ఫ్యూజన్‌కు వదలాలి, ఆర్చ్ వంటి వాటిని వాటి వాడుకరులకు. మిగిలిన వారందరికీ కంటెయినర్ ఉంది. హనుమకొండలో ఈ పని తలపెట్టే విద్యార్థులు ఎవరైనా ఉంటే, విడుదలకు ముందు పరీక్షించే ఫైళ్లలో వత్తులున్న తెలుగు సబ్‌టైటిల్ ఒకటి తప్పక చేర్చాలి.