హాప్స్ తీగయు సికింద్రాబాదు పానీయములును

పల్లెలందలి పెద్దలకు హాప్స్ అను పేరు క్రొత్తగా తోచవచ్చును. బీరు పేరు వినని యూరు మాత్రము నేడు లేదు. ఆ బీరునకు చేదును, వాసనను, అన్నిటికంటె ముఖ్యముగా నిలువయుండు శక్తిని ఇచ్చునది హాప్స్ అను తీగ పువ్వు. ఈ తీగ మన నేల మొలచినది కాదు. అయినను సికింద్రాబాదు చరిత్రతో చాలకాలముగా పెనవేసికొని యున్నది.

ఇది గంజాయి కుటుంబములోని మొక్క. ఈ మాటకు ఉలికిపడ నక్కరలేదు. గంజాయి మత్తు దీనికి లేదు. చుట్టరికము మాత్రము కండ్లకు కనబడును. రెండింటను ఆడుమొక్కలు వేఱు, మగమొక్కలు వేఱు. రెండింటను ఆడుపువ్వునకే విలువ. చలిదేశములలో దీని వేరుముక్కలు నాటి, త్రాళ్లు కట్టి ఇరువది యడుగుల యెత్తునకు ప్రాకింతురు. శీతకాలమున పైతీగ చచ్చి వేరు నిద్రించును. వసంతమున మరల చిగుర్చును. వేసవి చివర, పచ్చని పొలుసులు పేర్చినట్లుండు పువ్వులను కోసి యారబెట్టుదురు. పొలుసుల మొదట పసుపువంటి జిగురుపొడి యుండును. సారమంతయు నందే.

మారేడుపల్లిలో నున్న నా పూర్వశిష్యు డొకడు ఈ తీగను తెప్పించి, డాబామీద పెద్ద కుండీలో పెంచి, నన్ను పిలిచి చూపెను. అది రొమ్మెత్తు మాత్రమే యెదిగి తొందరపడి పూసెను. పువ్వులు పిడికెడైన లేవు. లోపము తీగది గాని పెంచినవానిది గాని కాదు. హాప్స్ ఉత్తరార్ధగోళమున సుమారు 35 మొదలు 55 డిగ్రీలవఱకు గల దేశములలో సుఖించును. అచ్చట వేసవి పగలు 14 గంటలకు పైబడి, కొన్ని తావుల 17 గంటలవఱకు నుండును. సికింద్రాబాదు పదునేడున్నర డిగ్రీల దాపున నున్నది. ఎంత పెద్ద పగలైనను 13 గంటలకు కొంచెము పైన. పగలు తరుగుచున్నదని తలచి తీగ యెదుగుట మాని పూయును. వేరు నిద్రించుటకు తగిన చలియు నిచట లేదు. రాత్రులు దీపములు వెలిగించి పగటిని పొడిగించిన కొంత ఫలించును గాని, నా శిష్యుడు కరెంటు బిల్లు చూచి ఆ యత్నము మానెను. "మాస్టారూ, దీనికి తెలుగు పేరేమి?" అని యతడడుగగా, నిఘంటువు తెఱువకయే లేదంటిని. చూడని తీగకు పేరెట్లు పెట్టుదురు?

పేరు లేకున్నను పని మాత్రము మనవారెఱుగనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణ మొకటి కలదు. బియ్యము, మినుములు, కిణ్వము చేర్చి సుర చేయు విధమందు చెప్పబడినది. అందు చేర్చు సంభారములలో పాఠ, లొద్దుగ, మానుపసుపు, మిరియములు, పిప్పళ్లు ఉన్నవి. ఇవి చేదు, వగరు, కారము గల ఓషధులు. మఱియొక విశేషము: కుటుంబములవారు శుభకార్యములకు తెల్లసురను, మందునకు అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని యందే అనుమతి కలదు. నేటి చట్ట మంత యుదారము కాదు. తెలంగాణమున చిన్న బీరు కార్ఖానాలకు 2015లో నియమములు చేసిరి గాని, ఆబ్కారీవారి లైసెన్సు లేక ఇంట బీరు కాచుట నేరమే.

ఐరోపాలోను మొదట నానావిధములైన ఆకులు వేసి బీరు కాచెడివారు. హాప్స్ వేసిన పానీయము త్వరగా చెడదని జర్మనీలోని హిల్డెగార్డ్ అను సన్యాసిని 12వ శతాబ్దముననే వ్రాసెను. 1516లో బవేరియా ప్రభువులు బీరున యవలు, హాప్స్, నీరు తప్ప వేఱొకటి వేయరాదని శాసించిరి. ఆ శతాబ్దముననే ఇంగ్లండులోని కెంటు సీమయందు హాప్స్ తోటలు వెలసెను.

ఇక మన యూరి సంగతి. 1798 నాటి సంధి ననుసరించి ఇంగ్లీషు సైన్యము నిజాము రాజ్యమున నిలిచెను. 1806లో సికందర్ జా పేర ఈ దండుపేటకు సికింద్రాబాదను పేరు కలిగెను. తెల్లసోల్జరునకు తన దేశపు బీరు కావలెను. ఓడ గుడ్‌హోప్ అగ్రము చుట్టి వచ్చుటకు నెలలు పట్టును. నడుమ రెండుమారులు ఉష్ణమండలము దాటవలెను. మామూలు బీరు దారిలోనే పులిసి పాడగును. కనుక హాప్స్ హెచ్చుగా దట్టించి పంపిరి. లండనులోని హాడ్జ్‌సన్ అను వర్తకుడు దీనిని కనిపెట్టెనని కొందఱందురు. అది నమ్మదగినది కాదు. వేడిదేశములకు పంపు బీరున హాప్స్ హెచ్చింపవలెనని ఆ వృత్తివారు ముందే యెఱుగుదురు. కంపెనీ యోడల దొరలకు అరువిచ్చి వర్తకము పట్టుటయే హాడ్జ్‌సనువారి నేర్పు.

రేవున దిగిన సరకు ఎడ్లబండ్లమీద దక్కను చేరవలెను. ఆ వెలకు సామాన్య సైనికుడు తాళలేడు. అతనికి దొరకినది సారాయి. దానివలన కాలేయము చెడి చచ్చినవా రనేకులు. 1863లో వెలువడిన రాజకీయ విచారణసంఘపు నివేదిక భారతదేశపు సైనికావాసముల దుస్థితిని బయటపెట్టి, సారాయి తగ్గించి బీరు నిమ్మని సలహా చెప్పెను. 1869లో సూయజు కాలువయు, 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలును వచ్చిన పిమ్మట త్రోవ సులువయ్యెను. ఈ దేశముననే బీరు కాచుటయు పెరిగెను. 1915లో థామస్ లీష్మన్ అను దొర దక్షిణదేశపు ఐదు కార్ఖానాలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించెను. హాప్స్ మాత్రము సముద్రము దాటియే రావలసివచ్చెను. కాశ్మీరమున తోటలు వేసి చూచిరి; 1970 తరువాత హిమాచలమందలి లాహౌలు లోయలో రైతులు పండించిరి. అయినను నేటికిని అధికభాగము విదేశపు సరకే.

ఇప్పుడు మన కల్లును దీని ప్రక్కన బెట్టి చూడుడు. ఈతచెట్టో తాటిచెట్టో యింటిదాపుననే యుండును. గౌడు తెల్లవాఱుజామున దింపిన కల్లు తీయగా నుండును, సాయంకాలమునకు పులుపెక్కును, మరునాటికి నోటబెట్టరాదు. నిలువయుండనిది కనుక దూరము పోదు, చెట్టున్నచోటనే త్రాగవలెను. ఊరిలో నిది కొఱత కాదు, ఒక విధమైన కాపుదల. ఏ చెట్టుదో, ఎవడు గీసెనో అందఱికి దెలియును.

నగరమున చెట్లు పోయెను గాని దుకాణములు పోలేదు. చెట్టు ఇయ్యనిదానిని పొడి యిచ్చెను. క్లోరల్ హైడ్రేటు, నిద్రమాత్రలకు వాడు అల్ప్రజోలము నీటిలో గలిపి కల్లని యమ్మిరి. 2004లో హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో కల్లుదుకాణములు మూయించిరి. 2014లో మరల తెఱిపించిరి. 2025 జూలైలో కూకటిపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు కూలివాండ్రు చనిపోయిరి. వారిలో ననేకులు పల్లెలనుండి పనికి వచ్చినవారు. ఊరి కల్లు రుచి యెఱిగినవారే. వారి ముంతలోనిది ఏ చెట్టును చూచినది కాదు.

కల్లు పులియకుండ నాపు విద్యయు మన గౌడులకు గలదు. కట్టు కుండకు లోపల సున్నము పూసిన, దిగిన రసము నీరాగా నిలుచును. దానిని కాచి బెల్లము చేయుదురు. హాప్స్ చేయు పనిలో కొంత సున్నము చేసినదన్నమాట. 2023లో హుస్సేనుసాగరు గట్టున నెక్లెసురోడ్డుపై ప్రభుత్వమువారు నీరా అంగడి తెఱచిరి. నేనును పోయి ఒక గ్లాసు త్రాగితిని. చల్లగా, తీయగా నుండెను. ఏ మండలపు తాళ్లనుండి వచ్చినదని యడుగగా, అమ్మువాడు లోపలికి పోయి కనుగొని వచ్చి చెప్పెను.