ఇసుకలో పూచి, కాగితంలో నిలిచి

1872లో ఎలెన్ పావెల్ థాంప్సన్ అమెరికాలోని యూటాలో, కనాబ్ చుట్టుపక్కల మొక్కలు ఏరి కాగితాల మధ్య అదిమి ఆరబెట్టారు. కొలరాడో నదీలోయను సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్‌కు ఆమె చెల్లెలు. ఆమె సేకరించిన ఒక కొత్త మొక్కకు సెరెనో వాట్సన్ ఆమె పేరే కలిపి పీటేరియా థాంప్సోనే అన్నాడు. ఆ ఎర్రరాతి లోయల పూల కథ నా మట్టుకు అక్కడే మొదలు.

కనాబ్‌కు పడమట గులాబీరంగు ఇసుక దిబ్బలున్నాయి. రెండు కొండల నడుమ సందులోంచి దూసుకొచ్చే గాలి ఇసుకరాయి పొడిని మోసుకొచ్చి అక్కడ పోస్తుంది. ఆ దిబ్బల మీద పూసే ఒక పాలమొక్కకు మాత్రం 1979 దాకా శాస్త్రంలో పేరు లేదు. ఆ ప్రాంతం తరతరాలుగా పాయూట్ ఆదివాసుల నేల. వాళ్ల కంటికి ఈ మొక్క ఆనలేదంటే నేను నమ్మను. నోయెల్, పట్రీషియా హోమ్‌గ్రెన్ దంపతులు దానికి అస్క్లెపియాస్ వెల్షీ అని పేరు పెట్టారు. యూటా మొక్కల మీద జీవితమంతా పనిచేసిన స్టాన్లీ వెల్ష్ గౌరవార్థం పెట్టిన పేరది.

మన జిల్లేడుకు ఇది దగ్గరి చుట్టమే. తుంచితే అవే పాలు, కాయ పగిలితే అదే పట్టులాంటి దూది. లేత ఆకుల నిండా తెల్లటి నూగు, బంతిలా గుత్తికట్టిన మీగడరంగు పూలు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అంటించి దాచే హెర్బేరియం కోసం దీన్ని అదమడం తేలిక కాదు. పాలు కారి కాగితానికి అంటుకుంటాయి, కాయ అణగదు. రాలిన గింజల్ని చిన్న పొట్లం కట్టి అట్ట మీదే అంటిస్తారు.

అలాంటి అట్టల విలువ 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెలిసింది. 1890లలో యూటా లోయల్లో తిరిగి మొక్కలు సేకరించిన ఆలిస్ ఈస్ట్‌వుడ్, భూకంపానికి మెట్లు కూలిన భవనంలో కమ్మీలు పట్టుకుని ఆరో అంతస్తులోని హెర్బేరియందాకా ఎక్కారు. మంటలు చేరేలోపు 1,500 దాకా నమూనాలను కిందికి దించారు. కొత్త జాతులకు పేరు పెట్టడానికి ఆధారమైన మూల నమూనాలను ముందే వేరుగా భద్రపరచడం వల్లే అది సాధ్యమైంది. అంతటి ముందుచూపు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

1963లో కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నీళ్లు నిలవడం మొదలైంది. అంతకుముందే యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ముంపులోయల మొక్కల్ని పరిశీలించి నమోదుచేశారు. మునిగిన వాగుల ఒడ్డున ఏం పెరిగేదో ఈనాడు చెప్పగలుగుతున్నామంటే అలాంటి రికార్డుల వల్లే.

వెల్ష్ పాలమొక్కకు ముప్పు చక్రాల రూపంలో వచ్చింది. దిబ్బల మీద జీపులూ బైకులూ తిప్పే సరదాకు మొలకలు నలిగిపోతున్నాయని, 1987లో ప్రభుత్వం దాన్ని ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించింది. అసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే కష్టం. ఇసుక కింద కాండం పాకుతూ అక్కడక్కడా పిలకలు వేస్తుంది. పైకి పది మొక్కల్లా కనిపించేది లోపల ఒక్కటే కావచ్చు. హెర్బేరియం అట్ట మీదికి ఎక్కేది వాటిలో ఒక్క పిలకే. అందుకే సేకరించినవాళ్లు ఊరూ తేదీతో ఆగకుండా చీటీ మీద ఇంకో మాట రాయాలి: ఆ రోజు దిబ్బ కదులుతోందా, నిలకడగా ఉందా అని.