వెబ్ ప్రకటనల ఆదాయం: తెలుగు సైట్లు, కృష్ణా డెల్టా

వెబ్‌సైటు పేజీల్లో ఇతరుల ప్రకటనలకు చోటిచ్చి, వాటిని చూసిన లేదా నొక్కిన పాఠకుల లెక్కన డబ్బు సంపాదించడాన్ని వెబ్ ప్రకటనల ఆదాయం అంటారు. ఇంగ్లీషులో ఈ వ్యాపారం 1994లో మొదలైంది. చిన్న సైట్లకూ అందులో వాటా ఇచ్చిన గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో వచ్చింది. తెలుగు పేజీలను ఆ పథకం అధికారికంగా ఒప్పుకున్నది మాత్రం 2018లో. మధ్యలో గడిచిన పదిహేనేళ్లే తెలుగు వెబ్‌కు ఒక రూపం ఇచ్చాయి. తెలుగువాళ్లు రాసి తెలుగువాళ్లే చదివే సినిమా కబుర్లు ఇంగ్లీషులో ఎందుకు వచ్చేవో, విజయవాడలో కూర్చుని నడిపే సైటు డల్లాస్‌లోని పాఠకుడి కోసం ఎందుకు ఎదురుచూసేదో ఆ కాలం చెబుతుంది.

అచ్చు పత్రికల నాటి పునాది

సరుకు అమ్మకం మీద పత్రిక బతకడం డెల్టా వాసులకు బాగా తెలిసిన సంగతే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవారికి దాన్ని ఉచితంగా పంచి పేరు తెచ్చారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. తలనొప్పి మందు లాభమే ఆ పత్రికకు వెన్నుదన్ను.

స్వాతంత్ర్యం వచ్చాక విజయవాడ పత్రికల ఊరైంది. విశాలాంధ్ర 1952లో ఇక్కడే మొదలైంది, ఆంధ్రప్రభ 1959లో మద్రాసు నుంచి తరలివచ్చింది, ఆంధ్రజ్యోతి 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో పుట్టింది. అయితే వెబ్ ప్రకటనల కథకు వీటన్నిటికంటే దగ్గరి మలుపు 1989లో వచ్చింది. ఆ ఏడాది ఈనాడు జిల్లాకొక చిన్న పత్రికను విడిగా అచ్చువేసి ప్రధాన సంచికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. రాష్ట్రమంతా తిరిగే పేజీలో ప్రకటన వేసే స్తోమత లేని విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల కొట్టుకూ, గుడివాడ నర్సింగ్ హోమ్‌కూ, తెనాలి ట్యుటోరియల్‌కూ దీంతో తమకు అందే ధరలో చోటు దొరికింది. భారతీయ భాషా పత్రికలపై పరిశోధన చేసిన రాబిన్ జెఫ్రీ ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా గుర్తించారు. చిన్న వ్యాపారిని ప్రకటనదారుగా మార్చడమే దీని అసలు విజయం. పద్నాలుగేళ్ల తరవాత గూగుల్ చేసిందీ దాదాపు అదే, కాకపోతే ప్రపంచమంతటా ఒకేసారి చేసింది.

బ్యానరు నుంచి వేలం దాకా

1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే అమెరికా వెబ్ పత్రిక ఏటీ అండ్ టీ సంస్థ బ్యానరును తన పేజీలో పెట్టింది. వెబ్ బ్యానరు ప్రకటనల చరిత్రను అక్కడి నుంచే లెక్కిస్తారు. అప్పట్లో పద్ధతి అచ్చు పత్రికదే: ఇన్ని వారాలకు ఇంత అని బేరం. 1998లో గోటూ డాట్ కామ్ క్లిక్కుకు ఇంత అనే లెక్క తెచ్చింది. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో తన వెతుకులాట ఫలితాల పక్కన ప్రకటనలు అమ్మింది. 2003లో యాడ్‌సెన్స్ వచ్చింది. సైటు యజమాని నాలుగు వరుసల కోడ్ తన పేజీలో అతికిస్తే చాలు, పేజీలోని మాటలను యంత్రమే చదివి తగిన ప్రకటన తెచ్చి పెడుతుంది. పేజీ తెరుచుకునే క్షణంలోనే ప్రకటనదారుల మధ్య వేలం నడుస్తుంది. వచ్చిన దాంట్లో 68 శాతం సైటుకు ఇస్తున్నట్టు గూగుల్ 2010లో బయటపెట్టింది. అంతకు ముందు ఏడేళ్లపాటు ఆ వాటా ఎంతో సైట్ల యజమానులకు తెలియదు. బేరం తెలియకుండానే లక్షలమంది సరుకు అప్పజెప్పిన వ్యాపారం ఇది.

ఫాంట్ల గోడ

యంత్రం పేజీని చదవాలి. తెలుగు పేజీలకు వచ్చిన చిక్కు అక్కడే. 1990ల చివర తెలుగు దినపత్రికలు వెబ్‌కి ఎక్కినప్పుడు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. ఆ ఫాంటు ఉన్నచోట కంటికి తెలుగు కనిపించేది. యంత్రానికి మాత్రం అర్థంపర్థం లేని లాటిన్ గుర్తులే. ఒక పత్రిక ఫాంటు మరో పత్రికకు పనికిరాదు, వెతుకులాట యంత్రానికి ఏదీ పనికిరాదు. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో 2001లో యూనికోడ్ తెలుగును ఇళ్లలోకి తెచ్చింది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. వీవెన్ 2006లో తెచ్చిన లేఖిని, కూడలి సైట్ల వల్ల తెలుగులో రాయడం, రాసినవి ఒకచోట చూడడం తేలికైంది. ఇవేవీ డబ్బు కోసం పుట్టినవి కావు. అమెరికా తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ఈమాట కూడా లాభాపేక్ష లేని పత్రికే. తెలుగు లిపి వెబ్‌లో నిలబడింది ఉచితంగా పనిచేసినవాళ్ల వల్ల. ఆ పునాది మీద డబ్బు తరవాత వచ్చింది, అదీ ఎక్కువగా వేరేవాళ్లకు.

డబ్బు ఆశించినవారు ఇంగ్లీషు వైపు వెళ్లారు. జీవి 1999లో ప్రారంభించిన ఐడిల్‌బ్రెయిన్, ఆ తరవాత వచ్చిన గ్రేట్ఆంధ్ర, గుల్టే వంటివి తెలుగు సినిమా, రాజకీయ కబుర్లను ఇంగ్లీషులో అందించి పేరు తెచ్చుకున్నాయి. దీనికి రెండు కారణాలు. ఇంగ్లీషు పేజీని ప్రకటనల యంత్రం చదవగలదు. రెండోది, ఎక్కువ డబ్బు తెచ్చే పాఠకుడు అమెరికాలో ఉన్నాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల నుంచి వెళ్లిన ఇంజినీర్లు, డాక్టర్లు ఆఫీసు కంప్యూటర్లో సినిమా రివ్యూ చదివేవారు. వాళ్లకు ఫోన్ కార్డులు, డబ్బు పంపే సేవలు, వీసా లాయర్లు, బీమా కంపెనీలు పోటీపడి ప్రకటనలు ఇచ్చేవి. అదే రివ్యూను విజయవాడ గవర్నరుపేట నెట్ సెంటరులో చదివిన కుర్రాడి క్లిక్కుకు వేలంలో పలికే ధర అందులో చిన్న వంతు మాత్రమే. సైటు ఎక్కడి నుంచి నడిచినా రాబడి పాఠకుడి చిరునామాను బట్టే.

అప్రూవల్, పిన్ లెటర్

డెల్టాలోని చిన్న ఊళ్లలో 2000ల చివర నుంచి యాడ్‌సెన్స్‌తో సంపాదించే పనిని చేతివృత్తిలా ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. బీటెక్ చదువుతూ సాఫ్ట్‌వేర్ చిట్కాలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, పాటల మాటలు ఇంగ్లీషులో పెట్టడం మామూలు ఆరంభం. తొలి గండం అప్రూవల్, అంటే సైటును యాడ్‌సెన్స్ ఒప్పుకోవడం. ఇంగ్లీషు సైటు చూపించి అప్రూవల్ తెచ్చుకుని, ఆ కోడ్‌నే తెలుగు పేజీల్లో అతికించడం అందరికీ తెలిసిన అడ్డదారి. అది నిబంధనలకు విరుద్ధం. కనిపెడితే ఖాతా పోయేది.

రెండో గండం పిన్ లెటర్. ఖాతాలో 10 డాలర్లు చేరగానే గూగుల్ ఒక రహస్య సంఖ్యను మామూలు పోస్టులో పంపుతుంది. నాలుగు నెలల్లో ఆ సంఖ్య నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. రామాలయం పక్క వీధి అనేదే చిరునామాగా చెలామణి అయ్యే పల్లెలో ఆ కవరు రావడం పోస్ట్‌మ్యాన్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంటుంది. ప్రపంచంలో అతి పెద్ద ప్రకటనల వ్యాపారం చివరి మెట్టు దగ్గర తపాలా శాఖ చేతిలో పడడం తమాషాగా ఉన్నా, మనిషి నిజంగా ఆ చిరునామాలో ఉన్నాడని తేల్చడానికి దొరికిన చవక దారి అదే. ఆ తరవాత 100 డాలర్లు నిండేదాకా ఆగాలి. తొలి ఏళ్లలో చెక్కు వచ్చేది. ఇప్పుడు నెలలో 21, 26 తేదీల మధ్య సింగపూరులోని గూగుల్ ఆసియా పసిఫిక్ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

మూడో గండమే అసలైనది. సొంత ప్రకటన తానే నొక్కడం, స్నేహితుల చేత నొక్కించడం మోసం కింద లెక్క. అలా పోయిన ఖాతా తిరిగి రావడం చాలా అరుదు.

ఎస్ఎంఎస్ చివర ప్రకటన

వెబ్‌సైటు ఆదాయానికి మరో దారిని హైదరాబాదులో రాజు వనపాల చూపించారు. 2006లో మొదలైన ఆయన వే2ఎస్ఎంఎస్ సైటు నుంచి ఎవరైనా ఉచితంగా సందేశం పంపగలిగేవారు. సందేశం చివర ఒక చిన్న ప్రకటన వెళ్లేది. టెలికాం నియంత్రణ సంస్థ 2011లో ఎస్ఎంఎస్‌ల మీద పరిమితులు పెట్టింది, ఆపై వాట్సాప్ వ్యాపించింది, ఉచిత ఎస్ఎంఎస్‌కు అర్థం లేకుండా పోయింది. సంస్థ క్లుప్త వార్తల యాప్ వే2న్యూస్‌కు మళ్లింది.

కట్టెల పొయ్యి, డాలరు రాబడి

లిపి గోడను పూర్తిగా దాటింది వీడియో. 2016లో డెల్టాకు చెందిన కర్రె మస్తానమ్మతో ఆమె మునిమనవడు లక్ష్మణ్, అతని మిత్రుడు శ్రీనాథ్ రెడ్డి కంట్రీ ఫుడ్స్ అనే యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. అప్పటికే ఆమె వయసు నూరు దాటిందని చెప్పేవారు. ఆరుబయట కట్టెల పొయ్యి మీద ఆమె చేసిన పుచ్చకాయ చికెన్ ప్రపంచమంతా తిరిగింది. అల్లం, టమాటా తొక్కలు గోళ్లతోనే ఒలిచే ఆమె తీరు విదేశీ పత్రికల దృష్టిలో కూడా పడింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయే నాటికి చానల్ చందాదారులు పది లక్షలు దాటారు.

చేతులు, మంట, కూర కనిపిస్తుంటే భాష అడ్డు రాదు. ప్రకటనలు అమ్మే యంత్రానికి పేజీలో తెలుగు చదవాల్సిన పని లేదు. చూసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు కాబట్టి రాబడి విదేశీ ధరల్లో వస్తుంది. మామూలు యూట్యూబ్ వీడియోల ప్రకటనల్లో 55 శాతం చానల్‌కు వెళ్తుంది. పదేళ్లపాటు తెలుగు వచనం రాసి సంపాదించలేనిది ఒక వృద్ధురాలి వంట రెండేళ్లలో సంపాదించిందంటే, తప్పు వచనానిది కాదు, దానికి వెల కట్టిన పద్ధతిది.

2016 సెప్టెంబరులో జియో రావడం, 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్యాకేజీతో మొదలవడం ఈ వీడియో కాలానికి ఊపిరి. అదే సమయంలో యూట్యూబ్ గేటు బిగించింది. 2018 ఫిబ్రవరి నుంచి 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల వాటా అన్నది. అప్పుడే మొదలైన చిన్న చానళ్లకు ఇది పెద్ద దెబ్బ. థంబ్‌నెయిల్‌లో ఎర్ర బాణాలు, లోపల లేని సంచలనం ఈ పరుగులో మరింత పెరిగాయి.

తెలుగుకు తలుపు తెరిచాక

యాడ్‌సెన్స్‌లో హిందీకి 2014లో, బెంగాలీకి 2017లో, తమిళానికి 2018 ఫిబ్రవరిలో చోటు దొరికింది. తెలుగుకు చోటిస్తున్నట్టు 2018 ఏప్రిల్‌లో హైదరాబాదులో జరిగిన కార్యక్రమంలో గూగుల్ ప్రకటించింది. అడ్డదారి అవసరం తీరిపోయింది. పెద్ద లాభం మాత్రం చిన్న సైట్లకు కాదు. సమయం తెలుగు, వన్ఇండియా తెలుగు వంటి జాతీయ సంస్థల విభాగాలు, దినపత్రికల సైట్లు రోజుకు వందల పేజీలు వేయగలవు. ఒక్కడు నడిపే సైటు ఆ పోటీలో నిలవాలంటే ఒకే విషయం పట్టుకోవాలి: పరీక్షా ఫలితాలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, పంచాంగం, వంట. ఇంటర్ ఫలితాల రోజు మనబడి వంటి సైట్లకు వచ్చే రద్దీ మామూలు రోజుల్లో రాదు. కార్పొరేట్ కాలేజీలు పుట్టి పెరిగిన విజయవాడలో ర్యాంకుల ప్రకటన పత్రిక మొదటి పేజీని ఆక్రమించడం పాత ఆచారం. ఇప్పుడు మార్కులు చూసుకున్న పిల్లవాడి ఫోన్‌కు అవే కాలేజీల ప్రకటనలు వెంటబడుతున్నాయి.

పన్నులు, తగాదాలు

విదేశీ సంస్థల ద్వారా కొనే ఆన్‌లైన్ ప్రకటనలపై భారత ప్రభుత్వం 2016 జూన్ నుంచి 6 శాతం సమీకరణ పన్ను వేసి, 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసింది. 2021 జూన్ నుంచి యూట్యూబ్ అమెరికా వీక్షకుల వల్ల వచ్చిన రాబడిలో పన్ను కోయసాగింది. పత్రాలు సమర్పించిన భారతీయులకు అది 15 శాతం. ప్రవాసుల మీద ఆధారపడిన తెలుగు చానళ్లకు ఇది బాగానే తగిలింది. 2024లో యాడ్‌సెన్స్ క్లిక్కు లెక్క వదిలి, ప్రకటన కనిపించిన లెక్కకు మారింది.

గూగుల్ ప్రకటనల ఏర్పాటు మీద పత్రికలు కూడా ఫిర్యాదు చేశాయి. డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదుపై భారత కాంపిటిషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్ మీద విచారణకు ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని వర్జీనియా ఫెడరల్ కోర్టు, ప్రకటనల సాంకేతిక మార్కెట్లలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పు చెప్పింది. 2018లో ఆ అసోసియేషన్‌ను స్థాపించిన సంస్థల్లో ఈనాడు ఒకటి, మిగిలినవీ పెద్ద పత్రికలు, టీవీ సంస్థలే. తెనాలిలోనో గుడివాడలోనో ఇంటి నుంచి సైటు నడిపేవారికి అందులో చోటు లేదు.